పెట్టెకు యాభై

ఆ మంగళవారం సాయంత్రంలోగా మొగులమ్మను పిలిచి, రేపటి నుంచి పనిలోకి రావద్దని చెప్పాల్సిన బాధ్యత హన్నా నెత్తిన పడింది. చెప్పమన్నది తేజస్విని మేడమ్. వినాల్సిందేమో పందొమ్మిదేళ్లుగా పక్కన కూచుని ఒకే కూరగిన్నెలో చెయ్యి పెట్టిన మనిషి. ఇలాంటి పని పగవాళ్లకు కూడా వద్దు ప్రభువా అని హన్నా పొద్దుటి నుంచి పదిసార్లైనా అనుకుని ఉంటుంది.

ముందు ఆ షెడ్డు సంగతి చెప్పాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లారీలు మళ్లే మలుపు దాటితే వీరలక్ష్మి రబ్బర్ వర్క్స్ అని వెలిసిపోయిన నీలం బోర్డు కనబడుతుంది. కామేశ్వరరావు గారు గోదావరి వైపు నుంచి ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఊరికే కూచోవడం చేతకాక, భార్య పేరు మీద పెట్టుకున్న షెడ్డు అది. పంపుల్లో నీళ్లు కారకుండా బిగించే రబ్బరు రింగులు అందులో తయారవుతాయి. పనిచేసేది పద్నాలుగు మంది. ఆయన మోకాళ్లు మొరాయించి పటేల్‌గూడ ఇంటికే పరిమితమయ్యాక, రెండేళ్లుగా కూతురు తేజస్విని నడుపుతోంది. చదువుకున్న పిల్ల, చురుకైన పిల్ల. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, కోపం కూడా అంతే చురుకు.

హన్నాది డిస్పాచ్ పని. రింగులు పెట్టెల్లోకి ఎక్కిన దగ్గర్నుంచి బండి గేటు దాటేదాకా పూచీ ఆమెదే. యాభై రెండేళ్ల మనిషి, ఆదివారం చర్చి మానదు, బండి గేటు దాటిన ప్రతిసారీ పెదాల మీద "స్తోత్రం" అనుకోకుండా ఉండదు. షెడ్డులో తయారయ్యే సరుకులో ముప్పావు వంతు జిన్నారం అవతల ఉన్న ఒక పెద్ద పంపుల కంపెనీకే పోతుంది. వాళ్లు కొనకపోతే ఈ షెడ్డుకు తాళమే.

ఆ కంపెనీవాళ్లు ఈ ఏడాది కాగితాలు మానేశారు. ఆర్డరు కాగితం రాదు, చలానా పోదు. అంతా వాళ్ల కంప్యూటరు నుంచి మన కంప్యూటరుకి, మన దాని నుంచి వాళ్ల దానికి. ఆర్డరు ఒక ఫైలుగా వచ్చి పడుతుంది. తెరిచి చూస్తే నక్షత్రం గుర్తులు, అంకెలు, తోకలు తెగిన ఇంగ్లీషు అక్షరాలు, అడ్డం నిలువూ లేకుండా ఒకటే బారు. సరుకు బయల్దేరేముందు ఏ పెట్టెలో ఎన్ని ఉన్నాయో అదే భాషలో వాళ్లకు తెలియజేయాలి. మొదటిసారి దాన్ని చూసిన రోజు హన్నా ఇంటికెళ్లి, ఇక నా ఉద్యోగం అయిపోయిందని భర్త ఎబెనేజర్ ముందు ఏడ్చింది.

తేజస్విని ఊరుకోలేదు. ఒక ఏఐ అసిస్టెంటును తెచ్చి ఆ ఫైళ్లకు కలిపింది. అక్కణ్నుంచి హన్నాకు ప్రాణం లేచొచ్చింది. ఫైలు రాగానే అది, "హన్నా గారూ, నలభై మిల్లీమీటర్ల రింగులు రెండు వేలు అడిగారు, నలభై పెట్టెలు, గురువారంలోగా" అని తెలుగులో చెప్పేది. ఈమె తెలుగులో చెప్పింది వాళ్ల భాషలోకి మార్చి ముందు పెట్టేది. ఈమె చూసి, సరే అని మీట నొక్కితే తప్ప తనంతట తాను ఏదీ పంపదు. అడిగిందే నాలుగుసార్లు అడిగినా విసుక్కోదు. ఇంట్లో ఎబెనేజర్ రెండోసారికే విసుక్కుంటాడు. అందుకని హన్నాకు దానిమీద ఒక రకమైన అభిమానం కుదిరింది.

అంతా బాగుందనుకున్న సమయంలో కొత్త పద్ధతిలో పంపిన మొదటి సరుకును కంపెనీవాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. సంఖ్యలో తేడా, సరుకు నిలిపివేయడమైనది అని ఒక ముక్క మెయిల్. ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఎత్తిన ఒక్కరూ, వివరాలు డాక్యుమెంటులో ఉంటాయమ్మా అని పెట్టేశారు. వారం తిరక్కుండా రెండో సరుకు కూడా ఆగిపోయింది. మళ్లీ అదే మెయిల్. మూడుసార్లు తేడా వస్తే సప్లయర్ల పట్టికలోంచి పేరు తీసేస్తారని ఒప్పందంలోనే ఉంది. మూడో సరుకు గురువారం వెళ్లాలి.

రెండో సరుకు అప్పుడు హన్నా దగ్గరుండి లెక్కపెట్టింది. మొగులమ్మ పేర్చిన నలభై పెట్టెలూ, ఒక్కటీ వదలకుండా. ప్రతి పెట్టెలో యాభై రింగులు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. లెక్క ముగిశాక ఆమె లోపలికి వెళ్లి ఆ సంఖ్యే అసిస్టెంటుకు చెప్పింది. ఈలోగా మొగులమ్మ మూతలు మూసి టేపు అంటించింది. ఇంతే జరిగింది. అయినా తేడా వచ్చింది.

పొద్దున తేజస్విని హన్నాను తన గదిలోకి పిలిచి అడిగింది కూడా సరిగ్గా ఆ సంగతే.

"మీరు లెక్కపెట్టినప్పుడు యాభై ఉన్నాయి ఆంటీ. అక్కడికి వెళ్లేసరికి లేవు. మధ్యలో పెట్టెల దగ్గర ఉన్నది ఎవరు?"

చిన్నప్పటి నుంచీ షెడ్డులో తిరిగిన పిల్ల కాబట్టి హన్నాను ఆంటీ అనే పిలుస్తుంది.

"మొగులమ్మ అసొంటి మనిషి కాదు మేడమ్," అంది హన్నా. "పందొమ్మిదేండ్ల సంది చూస్తున్న."

"తీసిందని నేను అనట్లేదు. ఎందుకు తీస్తుంది, ఆ రబ్బరు రింగులు ఏం చేసుకుంటుంది? కానీ కళ్లు ఆనట్లేదేమో, చెయ్యి ఆడట్లేదేమో. ఇంకోసారి తేడా వస్తే పద్నాలుగు ఇళ్లు రోడ్డున పడతాయి. నేను ఒక్కరి మొహం చూడాలా, అందరి మొహాలూ చూడాలా మీరే చెప్పండి." "ఇన్నాళ్లు పనిచేసింది, మర్యాదగా పంపిద్దాం. లెటర్ మీరే రాయించండి, మీరే చెప్పండి. నా నోటితో చెప్పలేను."

తన నోటితో చెప్పలేనిది పక్కవాళ్ల నోటితో చెప్పించడం యజమానులకు ఉన్న సౌకర్యం. హన్నా తల ఊపి బయటికొచ్చింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే రేకుల కింద కూచుని టిఫిన్ డబ్బాలు విప్పారు. మొగులమ్మకు అరవై దాటలేదు గానీ చూడటానికి దాటినట్టే ఉంటుంది. కుడిచేతికి చూపుడు వేలు, మధ్య వేలు సగానికే ఉంటాయి. ఇక్కడికి రాకముందు వేరే ఎక్కడో ప్రెస్సు మిషన్ కింద పోయాయి. ఆ చేత్తోనే గోంగూర పచ్చడి తీసి హన్నా డబ్బాలో వేసింది. ఎబెనేజర్‌కు కామెర్లు ముదిరి ఆస్పత్రిలో పడున్న రెండు నెలలూ ఈ చేత్తోనే రోజూ క్యారేజీ కట్టుకొచ్చింది. ఒక్కరోజు కూడా, తెచ్చిన అని చెప్పుకోలేదు.

"ఏంది హన్నమ్మా, తినకుంట మెతుకులు లెక్కవెడుతున్నవ్?"

"ఏం లేదక్కా. తలకాయ నొస్తుంది."

"పెట్టెలు ఇంక ఆడనే ఆపిన్రా? తక్కువొచ్చినయంటనా?"

"తెల్వదక్కా. తేడా అంటున్రు."

మొగులమ్మ డబ్బా మూత పెట్టేసింది. "తక్కువ రావు. నా పాణం వోయినా నా పెట్టెల తక్కువ రావు. గా ముచ్చట నువ్వు గూడ నమ్మకుంటే ఇగ నేనెవ్వలికి చెప్పాలె?"

నమ్ముతున్నానని అంటే సాయంత్రం ఆ లెటర్ ఏ మొహంతో చేతికివ్వాలి? హన్నా ఆ మాట అనలేక, నీళ్లు తాగే వంకతో లేచిపోయింది.

రెండున్నరకు కంప్యూటరు ముందు కూచుంది. చేతులు రావడం లేదు. మాట్లాడితే అసిస్టెంటు వింటుంది కాబట్టి నోటితోనే చెప్పింది.

"ఒక లెటర్ రాయాలె. మొగులమ్మ, ప్యాకింగ్ పని. రేపటి నుంచి పనిల నుంచి తీస్తున్నమని. కారణం, పెట్టెలల్ల రింగులు తక్కువ వచ్చినయని."

"రాస్తాను హన్నా గారూ," అంది అసిస్టెంటు. "రాసేముందు ఒక్క సంగతి అడగాలి. తక్కువ వచ్చాయని వాళ్లు ఎక్కడ చెప్పారు?"

"మెయిల్ పంపిన్రు గదా. రెండు సార్లు."

"ఆ రెండు మెయిళ్లూ మీరు నాకు చూపించారు. వాటిలో తేడా అని ఉంది, తక్కువ అని లేదు. సరుకు అందాక ఎన్ని అందాయో రాసి వాళ్లు ఒక రసీదు పత్రం పంపుతారు. అది నేను చూడలేదు. వాళ్ల ఆర్డర్లకూ, మనం పంపే సమాచారానికీ మాత్రమే నన్ను కలిపారు. రసీదులు వచ్చి పడే ఫోల్డరు తెరిచే అనుమతి నాకు లేదు. అది చదవకుండా ఒక మనిషి మీద ఈ కారణం రాస్తే తప్పు రాసినట్టు కావచ్చు."

హన్నా కుర్చీలో నిటారుగా అయింది. తేడా అనగానే తక్కువే అని ఆమె అనుకుంది, మేడమ్ అనుకుంది, పెట్టెలు కట్టిన మొగులమ్మ కూడా అనుకుంది. ఇంతమందిలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. ఆమె లెటర్ సంగతి వదిలేసి, చెప్పుల్లో కాళ్లు సరిగ్గా పెట్టకుండానే మేడమ్ గదికి నడిచింది.

"రసీదు పత్రం సూసినవా బిడ్డా?"

ఆఫీసులో మేడమ్ అనాలని హన్నా తనకు తానే పెట్టుకున్న నియమం ఆ క్షణాన మరిచిపోయింది. తేజస్విని అది గమనించినట్టు కూడా లేదు.

"ఏ రసీదు?"

"సరుకు అందినంక ఎన్ని అందినయో రాసి పంపుతరంట. మన అసిస్టెంటుకు ఆ ఫోల్డర్ కానస్తలేదంట."

తేజస్విని కంప్యూటరు తన వైపు తిప్పుకుంది. వెతికితే ఫోల్డరు దొరికింది. అందులో రెండు ఫైళ్లు, వచ్చిన తేదీలతో సహా బుద్ధిగా కూచుని ఉన్నాయి. తెరిస్తే అవే నక్షత్రాలు, అవే తోకలు తెగిన అక్షరాలు. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"సెటప్ చేసేటప్పుడు ఈ మూడోదాన్ని తర్వాత కలుపుదాంలే అని వదిలేశాను," అంది తేజస్విని నెమ్మదిగా. "ఆర్డర్లు రావాలి, సరుకు వెళ్లాలి, అంతే కదా అనుకున్నాను."

అనుమతి ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో హన్నా చేసిన ప్రార్థన బయటికి చెప్పుకునేది కాదు. ఒకవేళ నిజంగానే తక్కువ వచ్చి ఉంటే, ఇంక అడ్డం పడటానికి తన దగ్గర ఏమీ ఉండదు.

"రెండూ చదివాను," అంది అసిస్టెంటు. "ఈ కొత్త పద్ధతిలో గేటు దగ్గర వాళ్లు ప్రతి పెట్టెనూ మిషన్ మీద తూచి, బరువును బట్టి లెక్క కట్టారు. మొదటి సరుకులో పెట్టెకు యాభై అని మనం తెలియజేశాం. వాళ్లకు అందింది పెట్టెకు యాభై ఒకటి. రెండో సరుకులో కూడా యాభై అనే తెలియజేశాం. అందింది పెట్టెకు యాభై రెండు. రెండుసార్లూ నలభైకి నలభై పెట్టెల్లో ఇలాగే ఉంది. ఒక్క పెట్టెలో కూడా తక్కువ లేదు."

తేజస్విని తెర మీది అంకెల వైపు వంగింది.

"ఎక్కువా?" అంది తేజస్విని.

హన్నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ క్షణంలోనే ఆమెకు ఎవరి చెయ్యో తెలిసిపోయింది. పొద్దుటి నుంచి గుండె మీద కూచున్న బండ దిగిపోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే, దొంగతనం లాంటి మాట ఆ ముసలిదాని పేరు పక్కన తన చేత్తోనే రాసి ఉండేది. ఆ పాపం తగలకుండా ఆపినందుకు, ఆ తెర వైపు తిరిగి మనస్ఫూర్తిగా, "నీ మేలు మర్చిపోను," అంది. తేజస్విని నవ్వలేదు.

మొగులమ్మను పిలిపించారు. చీరకొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మేడమ్ గదిలోకి పిలిపించడం పందొమ్మిదేళ్లలో రెండోసారో మూడోసారో.

"పెట్టెకు ఎన్ని రింగులు వేస్తావు మొగులమ్మా?" అడిగింది తేజస్విని.

"యాభై మేడమ్. పన్నెండు పుంజీలు, మీద రెండు." మొగులమ్మకు చదువు రాదు. నాలుగేసి చొప్పున తీసి, పుంజీ పుంజీ అంటూ లెక్కపెడుతుంది.

"ఆ మీద?"

మొగులమ్మ హన్నా వైపు చూసింది, నేల వైపు చూసింది. "ఆ మీద ఒకటి కొసరు," అంది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి దినం నుంచే. ట్రేల మిగిలినయి ఉంటయి గదా, అండ్ల నుంచి ఒకటి తీసి మూత పెట్టేముందు ఏస్త. మొన్న తేడా వచ్చిందంటే తక్కువొచ్చిందేమోనని పాణం కొట్టుకున్నది. హన్నమ్మ లెక్కవెట్టి పోయినంక రెండు రెండు ఏసిన."

తేజస్విని తల పట్టుకుంది. సరుకు మళ్లీ ఆగకూడదని ఒకటికి రెండు వేసి, ఇంకా గట్టిగా ఆపించుకుంది ఈ మహాతల్లి.

"ఎవరు వేయమన్నారు? నాన్నగారా?"

"సారుకు తెల్వదు." మొగులమ్మ తన కుడిచెయ్యి ముందుకు చాపింది. "గిది పోయినంక నేను తిరగని షెడ్డు లేదు బిడ్డా. అందరు చెయ్యి జూసిన్రు, పో అన్నరు. పెద్దసారు ఒక్కడే చెయ్యి జూడలె. లెక్కపెట్టడం వచ్చా అని అడిగిండు. పుంజీలల్ల వస్తది సారూ అన్న. అయితే రేపు పొద్దున రా అన్నడు. గా దినం ఇంటికి వోయి అనుకున్న, ఈ మొండి చేతుల నుంచి ఒక్కటి జారినా సారుకు మాట వస్తది, గిసొంటిదాన్ని ఎందుకు పెట్టుకున్నవ్ అంటరు. అందుకే పెట్టెకొకటి ఎక్కువేసుడు. నా తప్పుకు అడ్డం గది."

"నాన్నగారికి ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"కొసరు ఎవలన్న చెప్పి ఏస్తరా మేడమ్?"

తేజస్విని కుర్చీలోంచి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. పొద్దున తాను ఏం చేయమందో చెప్పాలనుకుంది, చెప్పలేకపోయింది. హన్నా కూడా చెప్పలేదు. ఇప్పటికీ మొగులమ్మకు ఆ లెటర్ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

"సరే," అంది తేజస్విని కళ్లు తుడుచుకుంటూ. "రేపటి నుంచి కొసరు వద్దు. యాభై అంటే యాభై. అక్కడ తూచేది మిషన్, దానికి ఇవన్నీ తెలియవు."

మొగులమ్మ, సరే మేడమ్ అంది. కానీ ఆమె మొహం చూస్తే, ఉద్యోగం పోయినా అంత చిన్నబోయేది కాదేమో అనిపించింది. ఇన్నేళ్లూ ఆ ఒక్క రింగు ఆమె తీర్చుకుంటున్న మొక్కు. దాన్ని మానేయమంటే ఏం చేస్తుంది? హన్నాకు ఆ మొహం చూడబుద్ధి కాలేదు. తెర వైపు తిరిగింది.

"ఆ ఒక్కటి ఎక్కువ ఉందని ముందే చెప్పి పంపొచ్చా? మనం పంపే దాంట్ల దానికి జాగ ఉంటదా?"

"ఉంటుంది," అంది అసిస్టెంటు. "వాళ్లు ఇచ్చిన నియమాల పుస్తకంలో, ఉచితంగా ఇచ్చే వస్తువును రెండో వరుసగా రాసే పద్ధతి ఉంది. కాబట్టి పత్రంలో ఇబ్బంది లేదు. కాకపోతే తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, అది నేను చెప్పలేను. గురువారం ముందు అడిగితే మంచిది. ఆగిపోయిన రెండు సరుకులకూ ఎలాగూ కారణం తెలియజేయాలి, ఆ జవాబులోనే అడగవచ్చు. కారణాల జాబితాలో ప్యాకింగ్ పొరపాటు అని ఒకటి ఉంది. అది పెట్టనా?"

"పొరపాటు గాదు," అంది హన్నా. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

"అయితే ఇతర కారణం అని పెట్టి, మీరు చెప్పినట్టు రాస్తాను. చెప్పండి."

హన్నా చెప్పింది. పెట్టె కట్టే ఆమె పందొమ్మిదేళ్లుగా ప్రతి పెట్టెలో ఒక రింగు కొసరు వేస్తోందని, మాకే తెలియదని, లెక్కలో చూపకపోవడం మాదే తప్పని, ఇకముందు దాన్ని వేరే వరుసలో చూపించి పంపుతామని, అభ్యంతరమైతే మానేస్తామని. రెండో వరుసలో వస్తువు పేరు ఏం పెట్టమంటారని అసిస్టెంటు అడిగింది. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలట. తేజస్విని ఏదో పెద్ద పేరు ఆలోచిస్తుంటే, కొసరు అనే పెట్టు అంది హన్నా. చదివి చూసుకుని, మేడమ్ వైపు ఒకసారి చూసి మీట నొక్కింది.

ఆ సాయంత్రం తేజస్విని తండ్రికి ఫోను చేసి అంతా చెప్పి, ఫోను మొగులమ్మ చేతికిచ్చింది. అటువైపు కామేశ్వరరావు గారి గొంతు గదంతా వినిపించింది.

"ఏవమ్మా మొగులమ్మా, పందొమ్మిదేళ్ల పాటు నాకు తెలీకుండా నా సరుకు దానం చేశావంటే నువ్వు మామూలు దానివి కాదే."

"తప్పయింది సారూ."

"తప్పేంటమ్మా? మీ రింగులు మాత్రం ఎప్పుడూ తక్కువ పడవండీ అని ఆ కంపెనీవాళ్లు నన్ను మెచ్చుకుంటుంటే, అదంతా నా గొప్పే అనుకుని కాలరెగరేశాను. నీ చలవని ఇప్పుడు తెలిసింది." "ఆ రోజు నిన్ను రమ్మనడం నా జీవితంలో నేను చేసిన మంచి పనమ్మా. ఎల్లుండి వస్తాను, నీ గోంగూర పచ్చడి పట్టుకురా."

మొగులమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని, అవతలివాళ్లు పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది.

బుధవారం పొద్దంతా హన్నా ఆ తెర ముందు నుంచి లేవలేదు. తేజస్విని ఊరికే అటూ ఇటూ తిరిగింది. వాళ్లు వద్దంటే కొసరు పోతుంది. అసలు ఈ సంజాయిషీ ఒప్పుకోకపోతే కంపెనీయే పోతుంది. పదకొండు దాటింది, ఒంటిగంట దాటింది. మూడింటికి అసిస్టెంటు పలికింది.

"జవాబు వచ్చింది హన్నా గారూ."

హన్నా ముందు మొగులమ్మను కేకేసింది. మేడమ్ తానే పరుగెత్తుకొచ్చింది.

"ఆగిన రెండు సరుకులనూ విడుదల చేశారు. ఒక్కోదానికి రెండు వరుసలు రాశారు. మొదటిది, రింగులు రెండు వేలు, అందాయి. రెండోది, కొసరు నలభై, అందాయి. రెండో సరుకులో కొసరు ఎనభై, అందాయి. తేడా కొట్టేశారు. ఇకముందు కూడా రెండో వరుసతో పంపడానికి ఒప్పుకున్నారు."

"స్తోత్రం," అంది హన్నా, ఈసారి పైకే.

"నేను ఏసిన కొసరు గూడ రాసిన్రా?" అంది మొగులమ్మ నమ్మలేక. "ఎన్నని రాసిన్రు?"

"నలభై ఒకసారి, ఎనభై ఒకసారి."

"సరింగనే రాసిన్రు," అని తల ఊపింది. ఆ కంపెనీవాళ్ల లెక్క మీద ఆమెకు అప్పుడు నమ్మకం కుదిరింది.

"ఇంకొకటి ఉంది," అంది అసిస్టెంటు. "పత్రం చివర ఒక మనిషి టైపు చేసిన మాటలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. స్టోర్సు, శ్రీశైలం అని పేరు ఉంది. చదవనా?"

"ఆ స్టోర్‌కీపర్, పాత మనిషే," అని హన్నా మేడమ్‌కు చెప్పింది. "సదువు, సదువు."

అసిస్టెంటు ఉన్నది ఉన్నట్టు చదివింది. "పెట్టెల ఒకటి ఎక్కువొస్తదని నాకు పదేండ్ల సంది ఎరుకే. ఎవలేస్తున్రో తెల్వదు గానీ, ఆ ఒక్కొక్కటి తీసి ఒక డబ్బాల ఏసి పెట్టుకున్న. పంపులు బిగించే లైను మీద రింగు తెగిన ప్రతిసారి గా డబ్బాలకెల్లే తీసి ఏసినం. స్టాకుల లేని దినం గూడ మా లైను ఆగలేదు. గేటు కాడ మిషన్ గిట్ల ఆపిందని మీ జవాబు చదివినంకనే తెలిసింది. ఏసే అమ్మకు నా దండం జెప్పున్రి. ఆపకుమనున్రి."

మొగులమ్మ గోడకు ఆనుకుని కూచుంది. తన తప్పుకు అడ్డం అనుకుంటూ వేసిన రింగులు అవి. ఎక్కడో మూలన పడి ఉంటాయనుకుంది. పదేళ్లుగా అవతల ఎవరో వాటిని ఏరి, దాచి, అవసరానికి వాడుకున్నారు. పేరు తెలియని ఆమెకు అక్కణ్నుంచి దండం పంపారు. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఏడ్చింది. హన్నా పక్కన కూచుని వీపు నిమిరింది. తేజస్విని అలాగే నేల మీద కూచుండిపోయింది.

కాసేపటికి మొగులమ్మ ముక్కు తుడుచుకుని, "గా కంప్యూటర్ల ఉన్నాయనకు ఏమన్న ఇయ్యాలె గదా హన్నమ్మా. ఏమిస్తం?" అంది.

హన్నా నవ్వి ఆ మాటే అసిస్టెంటును అడిగింది.

"నాకేమీ అక్కర్లేదు హన్నా గారూ. ఆ రసీదుల ఫోల్డరు మాత్రం మళ్లీ మూసేయకండి."

"మూయను," అంది తేజస్విని నేల మీది నుంచే.

గురువారం పొద్దున బల్ల మీద నలభై పెట్టెలు సిద్ధమయ్యాయి. చెప్పినట్టే కామేశ్వరరావు గారు చేతికర్ర సాయంతో వచ్చి మొగులమ్మకు ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. పక్కన పచ్చడి డబ్బా. హన్నా లెక్క రాసుకోవడానికి నిలబడింది. మొగులమ్మ పుంజీ పుంజీ అంటూ రింగులు పేర్చింది. పన్నెండు పుంజీలు, మీద రెండు. ఎప్పుడూ అక్కడికి నోరు ఆగిపోయేది. ఆ తర్వాతిది ఎవరూ చూడకుండా చెయ్యి వేసేది.

ఈసారి ఆమె ట్రేలోంచి ఒక రింగు తీసి, మొండి వేళ్ల మధ్య పైకెత్తి, పెద్దసారుకు చూపించింది. పెట్టెలో వేసి, అందరికీ వినబడేలా, "ఒకటి, కొసరు," అంది. హన్నా రెండో వరుసలో రాసుకుంది.